వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్, అరట్టై: ఎవరితో మాట్లాడటానికి ఏ యాప్?

2025 సెప్టెంబరు చివర్లో, చెన్నై కంపెనీ జోహో తయారుచేసిన మెసేజింగ్ యాప్ అరట్టై పేరు దేశమంతా మోగిపోయింది. కేంద్ర మంత్రులు వాడమన్నారు. రోజుకు మూడు వేల మంది చేరే చోట, మూడు రోజుల్లోనే రోజుకు మూడున్నర లక్షల మంది చేరే స్థాయికి వెళ్లిందని జోహో వ్యవస్థాపకుడు శ్రీధర్ వేంబు ప్రకటించారు. రెండు నెలలు తిరిగేసరికి, నవంబరు 28న, టెలికాం శాఖ ఇంకో ఆదేశం ఇచ్చింది. నమోదు చేసుకున్న సిమ్ ఫోన్‌లో లేకపోతే మెసేజింగ్ యాప్ పనిచేయకూడదని, కంప్యూటర్‌లో తెరిచిన వెబ్ సెషన్ ఆరు గంటలకు మించి నడవకూడదని దాని సారాంశం. అప్పటినుంచి చాలామందిది ఒకటే సందేహం. వాట్సాప్‌లోనే ఉండాలా, మారాలా? మారితే దేనికి?

నేనేం అనుకుంటున్నానో ముందే చెప్పేస్తాను. మనసు విప్పి మాట్లాడే మాటలకు సిగ్నల్. ఊరందరితో పని కాబట్టి వాట్సాప్ ఉంచుకోవాలి, కానీ సెట్టింగులు సరిచేసుకుని. టెలిగ్రామ్ చదవడానికే తప్ప రహస్యాలు రాసుకోవడానికి పనికిరాదు. అరట్టై మీద నాకు ఆశ ఉంది, కానీ కోడ్ బయటపెట్టేదాకా పూర్తి నమ్మకం ఉంచలేను. ఇలా ఎందుకంటున్నానో కింద వివరంగా రాస్తున్నాను. అంతా చదివాక మీ అవసరాన్ని బట్టి మీరు వేరే నిర్ణయం తీసుకోవచ్చు.

## ముందు ఏం చూడాలి

టీవీ చర్చల్లో ఈ విషయం ఎప్పుడూ స్వదేశీ, విదేశీ దగ్గరే మొదలై అక్కడే ముగుస్తుంది. యాప్ ఏ దేశానిదన్నది ముఖ్యమే. కానీ అది నాలుగో ప్రశ్న. దానికంటే ముందు అడగాల్సినవి మూడున్నాయి.

తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంటే మెసేజ్ పంపేవాళ్ల ఫోన్‌లోనే తాళం పడుతుంది, అందుకున్నవాళ్ల ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. మధ్యలో ఉన్న కంపెనీ సర్వర్ దాన్ని మోస్తుంది, చదవలేదు. ఇది లేని యాప్‌లో కంపెనీ తలచుకుంటే చదవగలదు. కోర్టు, పోలీసులు, దొంగతనంగా చొరబడిన హ్యాకర్, డబ్బుకు ఆశపడిన ఉద్యోగి... వీళ్లలో ఎవరైనా ఆ కంపెనీ ద్వారా చదవగలరు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఆ రక్షణ దానంతటదే ఉందా, మనం వెతికి ఆన్ చేసుకోవాలా? వెతకాల్సి వస్తే నూటికి తొంభై మంది ఆన్ చేయరు.

ఎవరు ఎవరితో మాట్లాడారో ఎవరికి తెలుస్తుంది? కవరు లోపలి ఉత్తరాన్ని పోస్ట్‌మ్యాన్ చదవకపోయినా పైనున్న రెండు అడ్రసులు, తేదీ ముద్ర చూస్తాడు కదా. మెటాడేటా అంటే అదే. మీరు అర్ధరాత్రి ఒక లాయరుకు, మర్నాడు పొద్దున్నే ఒక జర్నలిస్టుకు మెసేజ్ పెట్టారంటే, లోపల ఏం రాశారో తెలియకపోయినా ఊహించేవాళ్లకు కావలసినంత దొరికినట్టే.

కోడ్ చూడనిస్తారా? మనలో చాలామందికి కోడ్ చదవడం రాదు, వచ్చినా అంత తీరిక ఉండదు. అయినా ఓపెన్ సోర్స్, అంటే యాప్ కోడ్‌ను అందరూ చూసేలా తెరిచి ఉంచడం, మనకు పనికొస్తుంది. కోడ్ బయట ఉంటే ఏ విశ్వవిద్యాలయ పరిశోధకుడో, పోటీ కంపెనీ ఇంజినీరో, హైదరాబాద్‌లో స్వేచ్ఛ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంఘంలో పనిచేసే విద్యార్థో తప్పు పట్టుకుని అందరికీ చెప్పగలుగుతారు. కోడ్ మూసి ఉంటే 'మేం చదవం' అన్న కంపెనీ మాట ఒక్కటే మనకు ఆధారం. సర్వర్ కోడ్ కంటే మన ఫోన్‌లో నడిచే యాప్ కోడ్ తెరిచి ఉండటం ఎక్కువ ముఖ్యం. తాళం వేసేది, తీసేది అక్కడే కాబట్టి.

ఆ తర్వాత నాలుగోది: డబ్బు ఎక్కడినుంచి వస్తోంది, ఏ దేశ చట్టం కింద ఉంది. ఐదోది అందరికీ తెలిసిందే. మనవాళ్లు అందులో ఉన్నారా? ఎంత గొప్ప యాప్ అయినా అత్తగారు, స్కూల్ టీచరు, గ్యాస్ ఏజెన్సీ కుర్రాడు అందులో లేకపోతే ఫోన్‌లో ఊరికే పడి ఉంటుంది.

| | వాట్సాప్ | టెలిగ్రామ్ | సిగ్నల్ | అరట్టై | ఎలిమెంట్ (మ్యాట్రిక్స్) |
|---|---|---|---|---|---|
| మామూలు చాట్‌కు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ | ఉంది | లేదు, సీక్రెట్ చాట్‌కే | ఉంది | ఆలస్యంగా వచ్చింది | ప్రైవేటు చాట్‌లకు ఉంది |
| యాప్ కోడ్ | మూసి ఉంది | తెరిచి ఉంది | తెరిచి ఉంది | మూసి ఉంది | తెరిచి ఉంది |
| సర్వర్ కోడ్ | మూసి ఉంది | మూసి ఉంది | తెరిచి ఉంది | మూసి ఉంది | తెరిచి ఉంది |
| ఎవరిది | మెటా (పాత పేరు ఫేస్‌బుక్), అమెరికా | దురోవ్ కంపెనీ, దుబాయ్ | లాభాపేక్ష లేని ఫౌండేషన్, అమెరికా | జోహో, చెన్నై | ఎవరి సర్వర్ వాళ్లు పెట్టుకోవచ్చు |
| డబ్బు | బిజినెస్ ఫీజులు, ప్రకటనలు | ప్రీమియం చందాలు, ప్రకటనలు | విరాళాలు | జోహో ఇతర వ్యాపారం | సంస్థలతో, ప్రభుత్వాలతో ఒప్పందాలు |
| మనవాళ్లు ఉన్నారా | అందరూ | చాలామంది | కొద్దిమంది | కొంతమంది | దాదాపు లేరు |

## వాట్సాప్: వదలలేం, అలాగని కళ్లు మూసుకోలేం

వాట్సాప్ విషయంలో ముందు న్యాయంగా ఒక మాట చెప్పాలి. 2016 ఏప్రిల్ నుంచి అందులోని చాట్‌లు, కాల్స్ అన్నింటికీ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది. వాడింది సిగ్నల్ వాళ్లు తయారుచేసిన పద్ధతినే. మెసేజ్‌లో చీర గురించి రాయగానే చీరల ప్రకటన వచ్చిందని చాలామంది అంటుంటారు. మెసేజ్ లోపలి మాటలను మెటా చదువుతోందనడానికి మాత్రం ఇప్పటిదాకా ఎవరూ రుజువు చూపలేదు.

ఇబ్బంది ఆ చుట్టుపక్కల ఉంది. 2014లో ఫేస్‌బుక్ సుమారు 1,900 కోట్ల డాలర్లు పెట్టి వాట్సాప్‌ను కొన్నది. 2021 జనవరిలో ప్రైవసీ పాలసీ మార్చి, ఒప్పుకోకపోతే వాడలేరన్న పరిస్థితి తెచ్చింది. ఆ పద్ధతి తప్పని మన కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. మరుసటి ఏడాది అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టింది, కానీ ప్రకటనల కోసం డేటా పంచుకోకూడదన్న ఐదేళ్ల నిషేధాన్ని కొట్టేసింది. అసలు బలమున్నది ఆ నిషేధంలోనే. మెటా లాంటి కంపెనీకి 213 కోట్లు ఒక లెక్క కాదు.

2025 జూన్‌లో అప్‌డేట్స్ ట్యాబ్‌లో ప్రకటనలు తెస్తున్నట్టు చెప్పారు. చాట్ లిస్టు దగ్గర కనిపించే నీలం రంగు మెటా ఏఐ గుండ్రాన్ని తీసేయడానికి వీలు లేదు. దానితో మాట్లాడిన మాటలకు ఎండ్ టు ఎండ్ రక్షణ లేదు. వాట్సాప్‌ను మెటా అకౌంట్స్ సెంటర్‌కు కలిపి ఉంటే వాటిని బట్టి ప్రకటనలు చూపిస్తామని కంపెనీయే ప్రకటించింది. ఇంట్లో పిల్లలకు, పెద్దవాళ్లకు ఇది తప్పకుండా చెప్పాలి. ఆరోగ్య సమస్యలు, డబ్బు ఇబ్బందులు ఆ గుండ్రంతో చెప్పుకోవద్దు.

బ్యాకప్ ఇంకో పెద్ద లొసుగు. చాట్ ఎంత భద్రంగా ఉన్నా గూగుల్ డ్రైవ్‌లోకో ఐక్లౌడ్‌లోకో వెళ్లే బ్యాకప్‌కు ఆ రక్షణ దానంతటదే రాదు. 2021 నుంచి ఆ సదుపాయం ఉంది, కానీ మనమే ఆన్ చేసుకోవాలి.

ఒక విషయంలో మాత్రం నేను గట్టిగా వాట్సాప్ పక్షమే. 2021 ఐటీ నిబంధనల ప్రకారం దేశంలో 50 లక్షలకు పైగా వాడకందారులున్న మెసేజింగ్ సంస్థలు, అడిగినప్పుడు ఒక మెసేజ్‌ను మొట్టమొదట పంపింది ఎవరో చెప్పాలి. అలా చెప్పాలంటే ప్రతి ఒక్కరి ప్రతి మెసేజ్ మీదా గుర్తు పెట్టుకుంటూ పోవాలి. ఆ నిబంధనపై వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఎన్‌క్రిప్షన్‌ను విరగ్గొట్టమంటే దేశంలో సేవలు ఆపేస్తామని 2024 ఏప్రిల్‌లో కోర్టుకే చెప్పింది. పుకార్లు పుట్టించేవాళ్లను పట్టుకోవాల్సిందే. అందుకు దేశంలో అందరి ఉత్తరాలకూ నంబర్లు వేయడం న్యాయం కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లకు వాట్సాప్ వదలడం ఇప్పుడు ఇంకా కష్టం. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్‌లోనే 161 సేవలతో మన మిత్ర మొదలుపెట్టింది. సర్టిఫికెట్లు, బిల్లులు, ఇంటర్ హాల్ టికెట్లు ఫోన్‌లోకే వస్తున్నాయి. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గితే సంతోషమే. కానీ ప్రభుత్వ సేవ అందుకోవడానికి ఒక అమెరికా కంపెనీ నిబంధనలకు ఒప్పుకోవాల్సిన పరిస్థితి మంచిది కాదు. అవే సేవలు మామూలు వెబ్‌సైట్‌లో కూడా అంతే తేలిగ్గా దొరకాలని అడగడం పౌరులుగా మన హక్కు. ఇలాంటి బిజినెస్ అకౌంట్లతో చేసే చాట్‌ను అవతలి సంస్థ, అది పెట్టుకున్న సర్వీసు కంపెనీ చూడగలవని కూడా గుర్తుంచుకోవాలి. స్నేహితుడితో చేసే చాట్ లాంటిది కాదది.

## టెలిగ్రామ్: ప్రైవేటు అనుకుంటారు, కాదు

మన దగ్గర టెలిగ్రామ్‌కున్నంత తప్పుడు పేరు ఇంకే యాప్‌కూ లేదనిపిస్తుంది. అది రహస్యమైనదని, పోలీసులకు దొరకదని కుర్రాళ్లు నమ్ముతారు. నిజానికి అందులో మామూలు చాట్‌లు, గ్రూపులు అన్నీ టెలిగ్రామ్ సర్వర్లలో వాళ్లు తెరవగలిగే విధంగానే ఉంటాయి. చాట్‌లలో ఎండ్ టు ఎండ్ రక్షణ సీక్రెట్ చాట్‌కు మాత్రమే ఉంది. అదీ ఇద్దరి మధ్యే, గ్రూపుకు లేదు.

2022లో ఢిల్లీ హైకోర్టు ఆదేశంతో, కోచింగ్ మెటీరియల్‌ను దొంగతనంగా పంచుకున్న ఛానెళ్ల నిర్వాహకుల వివరాలను టెలిగ్రామ్ అప్పగించింది. 2024 ఆగస్టులో వ్యవస్థాపకుడు పావెల్ దురోవ్‌ను ఫ్రాన్స్‌లో అరెస్టు చేశారు. మరుసటి నెలలోనే కంపెనీ పాలసీ మారింది. చట్టబద్ధంగా అడిగితే నేరాల కేసుల్లో ఐపీ అడ్రసు, ఫోన్ నంబరు ఇస్తామన్నారు. నేరస్థుల వివరాలు ఇవ్వడం తప్పని నేను అనను. దాచే శక్తి లేని చోట దాచుకున్నామని భ్రమపడటం గురించే నా బాధ.

రెండు లక్షల మందిని పట్టే గ్రూపులు, పెద్ద ఫైళ్లు, ఛానెళ్లు... వీటిలో టెలిగ్రామ్‌ను మించింది లేదు. పోటీ పరీక్షల నోట్సు, కరెంట్ అఫైర్స్, ఉద్యోగ నోటిఫికేషన్ల ఛానెళ్లకు హాయిగా వాడుకోవచ్చు. అయితే యూట్యూబ్ వీడియోకు లైక్ కొడితే డబ్బులిస్తామనే టాస్కుల మోసాలు, రెట్టింపు లాభాల ఇన్వెస్ట్‌మెంట్ గ్రూపులు కూడా అక్కడే పెరుగుతాయి. మనం అడగకుండా ఎవరైనా గ్రూపులో చేరిస్తే మొదటి మెసేజ్ చదవకుండానే బయటికి వచ్చేయాలి. గ్రూపుల్లో చేర్చే అనుమతిని 'నా కాంటాక్ట్స్'కే పరిమితం చేసే సెట్టింగ్ ప్రైవసీ విభాగంలో ఉంది.

## సిగ్నల్: యాప్‌లో లోటు లేదు, మనుషులే తక్కువ

వాట్సాప్‌ను స్థాపించిన ఇద్దరిలో ఒకరైన బ్రయాన్ యాక్టన్, ఫేస్‌బుక్‌ నుంచి బయటికి వచ్చాక, 2018లో 5 కోట్ల డాలర్లు పెట్టి, అప్పటికే సిగ్నల్ యాప్ తయారుచేసిన మాక్సీ మార్లిన్‌స్పైక్‌తో కలిసి సిగ్నల్ ఫౌండేషన్ మొదలుపెట్టారు. ఇందులో షేర్‌హోల్డర్లు లేరు, ప్రకటనలు లేవు. ఖర్చు విరాళాల మీద నడుస్తుంది.

నేను అన్నింటికంటే ఎక్కువ విలువిచ్చేది ఒక కోర్టు కేసును. 2016లో అమెరికాలో గ్రాండ్ జ్యూరీ సమన్లు పంపి రెండు ఫోన్ నంబర్ల వివరాలన్నీ ఇవ్వమంది. వాటిలో ఒకదానికే సిగ్నల్ అకౌంట్ ఉంది. సిగ్నల్ ఇవ్వగలిగింది రెండే: అకౌంట్ తెరిచిన సమయం, చివరిసారి కనెక్ట్ అయిన తేదీ. ఎవరితో మాట్లాడారు, ఏ గ్రూపుల్లో ఉన్నారు అన్నవి వాళ్ల దగ్గరే లేవు. ఇవ్వం అనడానికి, ఇవ్వడానికి మా దగ్గర ఏమీ లేదు అనడానికి చాలా తేడా ఉంది. 'ఇవ్వం' అన్న కంపెనీ, యజమాని మారితే, ప్రభుత్వం బిగిస్తే మాట మార్చవచ్చు. ఏమీ దాచుకోనివాళ్ల దగ్గర ఆ అవకాశమే లేదు.

2024 నుంచి యూజర్‌నేమ్‌లు వచ్చాయి కాబట్టి మన నంబరు అవతలివాళ్లకు కనిపించకుండా మాట్లాడవచ్చు. ఆడపిల్లలకు, జర్నలిస్టులకు ఇదొక్కటి చాలు. అకౌంట్ తెరవడానికి మాత్రం ఫోన్ నంబరు కావాల్సిందే.

లోట్లు కూడా చెప్పాలి. ఇన్‌స్టాల్ చేశాక లిస్టులో పదిమంది కనిపిస్తే గొప్ప. వాళ్లలోనూ సగం మంది నోటిఫికేషన్లు చూడరు. ఫోన్ పోతే, ముందుగా బ్యాకప్ పెట్టుకోకపోతే, పాత చాట్‌లు తిరిగి రావు. సర్వర్లు పెద్ద కంపెనీల క్లౌడ్ మీదే నడుస్తాయి. 2025 అక్టోబరు 20న అమెజాన్ క్లౌడ్ ఆగినప్పుడు సిగ్నల్ కూడా ఆగింది. ఇంకొకటి, ఎన్‌క్రిప్షన్ మన పొరపాట్ల నుంచి కాపాడదు. 2025 మార్చిలో అమెరికా ప్రభుత్వ పెద్దలు యెమెన్ దాడుల గురించి మాట్లాడుకున్న సిగ్నల్ గ్రూపులో పొరపాటున ఒక పత్రికా సంపాదకుణ్ణి చేర్చుకున్నారు. తాళం గట్టిదే. లోపలికి పిలిచింది వాళ్లే.

## అరట్టై: మనదే, అందుకే ఎక్కువ అడగాలి

అరట్టైని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. జోహో 1996 నుంచి బయటి పెట్టుబడుల కోసం చేయి చాచకుండా చెన్నై నుంచి, తెన్‌కాశి లాంటి చిన్న ఊళ్ల నుంచి ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ అమ్ముతున్న కంపెనీ. ప్రకటనల వ్యాపారం వాళ్లది కాదు. అరట్టై తక్కువ నెట్‌లోనూ, పాత ఫోన్లలోనూ నడుస్తుంది, టీవీలోనూ తెరుచుకుంటుంది. మీటింగులకు విడిగా సదుపాయం ఉంది. మన ఇంజినీర్లు ఈ పని చేయగలరనడంలో నాకు ఏ సందేహమూ లేదు.

నా అసంతృప్తి వేరే చోట ఉంది. మంత్రులు దాన్ని ప్రచారం చేసిన రోజున అందులో టెక్స్ట్ మెసేజ్‌లకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు, కాల్స్‌కే ఉంది. ఆ తర్వాత వ్యక్తిగత చాట్‌లతో మొదలుపెట్టి తెచ్చారు. మంచిదే. కానీ అన్ని లక్షల మందిని చేరమన్నప్పుడు అది ముందే ఉండాల్సింది, చేరమన్నవాళ్లు ముందే అడగాల్సింది. కోడ్ ఇప్పటికీ మూసే ఉంది. అంటే వాట్సాప్‌ను నమ్మినట్టే దీన్నీ మాట మీదే నమ్మాలి.

చట్టం సంగతి కూడా చూడాలి. ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద ప్రభుత్వం ఏ సంస్థనైనా సమాచారం విప్పి ఇవ్వమని ఆదేశించవచ్చు. 2023 డేటా రక్షణ చట్టంలో ప్రభుత్వ సంస్థలకు విస్తృతమైన మినహాయింపులున్నాయి. తెలంగాణలో ఇంటెలిజెన్స్ విభాగం అధికారులు ప్రతిపక్ష నాయకులు, వ్యాపారుల ఫోన్లు అక్రమంగా ట్యాప్ చేశారన్న ఆరోపణలపై 2024 మార్చిలో కేసు నమోదైంది. అది కోర్టులో తేలుతుంది. ప్రభుత్వాలు మారినా ఆ యంత్రాంగం మారదు కాబట్టి, డేటా మన దేశంలో ఉన్నంత మాత్రాన మనకు భద్రమనుకోలేం. ఏ పార్టీని అభిమానించేవాళ్లకైనా ఇది వర్తిస్తుంది. ఈరోజు మనకు నచ్చినవాళ్లు అధికారంలో ఉండవచ్చు, రేపు నచ్చనివాళ్లు రావచ్చు. అప్పుడు కూడా మన చాట్ మనదిగానే ఉండాలి.

స్వదేశీ పేరుతో బలవంతం మొదలైతే ఎటు పోతుందో రష్యా చూపిస్తోంది. అక్కడ 2025లో వాట్సాప్, టెలిగ్రామ్ కాల్స్‌కు అడ్డం పెట్టారు. మాక్స్ అనే దేశీయ యాప్‌ను సెప్టెంబరు 1 నుంచి అమ్మే ఫోన్లలో ముందే వేయాలన్నారు. మన దగ్గర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ యాప్‌ను ఫోన్లలో ముందే వేయాలన్న ఆదేశం అదే ఏడాది నవంబరు చివర్లో వచ్చింది, జనం గట్టిగా వ్యతిరేకించాక కొద్ది రోజుల్లోనే వెనక్కి వెళ్లింది. మాట్లాడితే ఫలితం ఉంటుందనడానికి అదే సాక్ష్యం.

అరట్టైని ప్రేమించేవాళ్లు జోహోను అడగాల్సినవి రెండు. యాప్ కోడ్ బయటపెట్టాలి. 2015లోనే కేంద్ర ప్రభుత్వం ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమిచ్చే విధానం తెచ్చింది కాబట్టి మంత్రులు కూడా ఈ మాట అడగవచ్చు. రెండోది, వేరే యాప్‌ల వాళ్లతోనూ మాట్లాడగలిగేలా చేయాలి. ఫోన్‌పే నుంచి గూగుల్ పేకు డబ్బు పంపినంత తేలిగ్గా ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కు మెసేజ్ వెళ్లాలని శ్రీధర్ వేంబు స్వయంగా అన్నారు. ఐరోపాలో చట్టం ఒత్తిడి వల్ల వాట్సాప్ బయటి యాప్‌లకు తలుపు తెరవాల్సి వచ్చింది. యూపీఐ కట్టిన దేశానికి ఇది అసాధ్యం కాదు. అది జరిగిన రోజున ఇలాంటి పోలికలు రాయాల్సిన అవసరమే ఉండదు.

ఇంతకుముందు వచ్చిన దేశీయ యాప్‌లు హైక్ మెసెంజర్ 2021లో, కూ 2024లో మూతపడ్డాయి. అందువల్ల అరట్టైలోకి వెళ్లినా ముఖ్యమైన ఫొటోలు, పత్రాలు వేరే చోట కూడా ఉంచుకోండి.

## ఎలిమెంట్: సంస్థలకు మంచిది, ఇంటికి కష్టం

మ్యాట్రిక్స్ అనేది యాప్ కాదు, ఈమెయిల్ లాంటి ఒక పద్ధతి. ఎవరి సర్వర్ వాళ్లు పెట్టుకోవచ్చు, వేరే సర్వర్ వాళ్లతో మాట్లాడుకోవచ్చు. ఎలిమెంట్ దాన్ని వాడే యాప్. ఫ్రెంచ్ ప్రభుత్వ ఉద్యోగులు వాడే చాప్, జర్మన్ సైన్యం వాడే మెసెంజర్ దీని మీదే కట్టినవి. స్వదేశీ అంటే నిజంగా ఇలా ఉండాలి: కోడ్ అందరిదీ, సర్వర్ మనది.

2023 మేలో జమ్మూకశ్మీర్‌లో ఉగ్రవాదులు వాడుతున్నారంటూ మన కేంద్ర ప్రభుత్వం 14 యాప్‌లను నిషేధించింది. వాటిలో ఎలిమెంట్, బ్రయర్ లాంటి ఓపెన్ సోర్స్ యాప్‌లు కూడా ఉన్నాయి. ఐరోపా ప్రభుత్వాలు సొంతానికి వాడుకునే పద్ధతిని ఇక్కడ అనుమానంగా చూడటం నాకు చాలా బాధ కలిగించింది. ఇంటివాళ్లతో మాట్లాడటానికి దీన్ని సిఫారసు చేయను. కాలేజీ టెక్ క్లబ్బులు, పరిశోధన సంస్థలు నేర్చుకోవడానికైనా మ్యాట్రిక్స్ సర్వర్ ఒకటి నడిపి చూడాలి.

## మీరు ఎవరైతే, ఏది

ఇల్లు, బంధువులు, కాలనీ గ్రూపు. వాట్సాప్ చాలు. పెళ్లిపిలుపులకు, నీళ్ల ట్యాంకర్ కబుర్లకు మారాల్సిన పని లేదు. భార్యాభర్తలు, అక్కచెల్లెళ్లు, ప్రాణస్నేహితులు మాత్రం ఆస్తి, ఆరోగ్యం, డబ్బు మాటలకు సిగ్నల్‌లో ఒక చిన్న గ్రూపు పెట్టుకోండి. అయిదుగురిని ఒప్పించడం తేలిక, యాభై మందిని కదిలించాలని చూస్తే అందరికీ విసుగే మిగులుతుంది.

జర్నలిస్టులు, లాయర్లు, ఉద్యమాల్లో ఉన్నవాళ్లు. సిగ్నల్ తప్ప ఇంకోటి వద్దు. మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే టైమర్ పెట్టండి, రిజిస్ట్రేషన్ లాక్ ఆన్ చేయండి, నంబరు కనిపించకుండా యూజర్‌నేమ్ వాడండి. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో గంజాయి తనిఖీల పేరుతో పోలీసులు రోడ్డు మీద జనాన్ని ఆపి ఫోన్లలో చాట్‌లు వెతికారు. ఫోన్ తెరిచి చేతికిచ్చాక ఏ ఎన్‌క్రిప్షనూ పనిచేయదు. 2019లో పెగాసస్ అనే గూఢచారి సాఫ్ట్‌వేర్ బాధితుల్లో మనవాళ్లున్నారు. అది కూడా ఫోన్‌లోకే చొరబడింది. అందుకే ఫోన్ అప్‌డేట్లు వాయిదా వేయకండి, వేలిముద్ర కంటే పొడవైన పిన్ మేలు.

విదేశాల్లో ఉన్నవాళ్లు. అమెరికాలో ఉంటూ ఇండియా నంబరు మీద వాట్సాప్ నడిపేవాళ్లు, ఆ సిమ్ ఎక్కడో డ్రాయర్లో ఉంటే, నవంబరు 28 ఆదేశం వల్ల ఇబ్బంది పడే అవకాశం ఉంది. యాప్‌లోనే 'చేంజ్ నంబర్' ఉంది. దాంతో స్థానిక నంబరుకు మారితే గ్రూపులు, చాట్‌లు పోవు. యూఏఈలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు కాబట్టి దుబాయ్, అబుదాబిలో ఉన్న కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ వాళ్లు ఇంటికి బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌తో మాట్లాడతారు. అక్కడ అదే వాడాలి, చట్టానికి ఎదురెళ్లి ఉద్యోగం మీదకు తెచ్చుకోవద్దు. అలాంటి కాల్‌లో పాస్‌పోర్టు నంబర్లు, బ్యాంకు వివరాలు చెప్పకుండా ఉంటే సరి.

చిన్న వ్యాపారులు. వాట్సాప్ బిజినెస్ వదలొద్దు, కస్టమర్లు అక్కడే ఉన్నారు. వాళ్ల పేర్లు, నంబర్లు ఒక నోట్‌బుక్‌లోనో ఎక్సెల్‌లోనో విడిగా ఉంచుకోండి. అకౌంట్ ఏ కారణంతోనైనా ఆగిపోతే వ్యాపారం ఆగకూడదు.

టీచర్లు, ప్రభుత్వ ఉద్యోగులు. పై అధికారుల ఆదేశాలన్నీ రాత్రీ పగలూ సొంత ఫోన్ వాట్సాప్ గ్రూపుల్లోకి రావడం మామూలైపోయింది. యాప్ మార్చినంత మాత్రాన అది తీరదు. ఆఫీసు పనికి ఆఫీసు ఇచ్చిన, ఓపెన్ సోర్స్ మీద నడిచే వేదిక కావాలని సంఘాల ద్వారా అడగాలి. అప్పటిదాకా విద్యార్థుల ఆధార్ ఫొటోలు, మార్కుల జాబితాలు ఏ గ్రూపులోనూ పెట్టకండి, టెలిగ్రామ్‌లో అసలే వద్దు.

స్వదేశీ కోరిక బలంగా ఉన్నవాళ్లు. అరట్టై వేసుకోండి, వాడండి, తప్పులు కనిపిస్తే జోహోకు రాయండి. కోడ్ బయటపెట్టమని ప్రతిసారీ అడగండి. అది తెరిచిన రోజున పై పట్టికలో దాని స్థానం మారుతుంది, నా సలహా కూడా మారుతుంది.

ఏది ఎంచుకున్నా ఈరోజే చేయాల్సిన పని ఒకటుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్, అందులో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ తెరిచి ఆన్ చేయండి. దానికి ఒక పాస్‌వర్డ్ పెట్టుకోండి. అది మరిచిపోతే బ్యాకప్‌ను వాట్సాప్ కూడా తెరిచి ఇవ్వలేదు కాబట్టి, కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు బీరువాలో పెట్టుకోండి.